ముందు మచ్చ ఏ పొరలో ఉందో చూడండి

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేస్తున్నాను. జీతం 19 వేలు. సీజన్‌లో పైన ఇంకో నాలుగైదు వేలు వస్తాయి. వేసవిలో యార్డుకు సెలవులిచ్చిన నెల సగం జీతమే. 14 నెలల క్రితం 22,999 పెట్టి కొన్న ఫోన్ మీద మిర్చి దుమ్ము పేరుకుపోతోందని, కిటికీ అద్దాలు తుడిచే లిక్విడ్ కొట్టి తుడిచాను. రెండో రోజుకు తెర పైభాగాన పసుపు మచ్చ తేలింది. సర్వీస్ సెంటర్‌లో డిస్‌ప్లే మార్చాలి, 8,400 అవుతుంది, జీఎస్టీ అదనం అన్నారు. బయట కొట్లో 3,200కే వేస్తామంటున్నారు. మా బావమరిదేమో 27 వేల కొత్త ఫోన్ వడ్డీ లేని ఈఎంఐలో తీసుకోమంటున్నాడు, నెలకు 3 వేల చొప్పున తొమ్మిది నెలలు. నెలకు 5 వేలు కట్టే లక్ష రూపాయల చీటీ ఉంది, ఇంకా ఐదు వాయిదాలున్నాయి, పాడలేదు. పోస్టాఫీసులో నెలకు వెయ్యి ఆర్డీ 26 నెలలుగా కడుతున్నాను. షావుకారు పది వేలు అడ్వాన్స్ ఇస్తానన్నారు. ఏది చేయమంటారు? వేలిముద్ర తెర మీదే పెట్టి తెరిచే ఫోన్ నాది.

జవాబు: దారులన్నీ రాశారు గానీ, అసలు మచ్చ ఎక్కడుందో రాయలేదు. గాజు మీదా, గాజు కిందా? మీకయ్యే ఖర్చు 150 రూపాయలా, పది వేలా అన్నది అక్కడే తేలుతుంది. అందుకని డబ్బు లెక్కకు ముందు, ఇవాళ రాత్రి అన్నం తిన్నాక ఒక పని చేయండి.

ఫోన్ ఆపేసి ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ వంచి చూడండి. తెర నల్లగా ఉన్నప్పుడు కూడా మచ్చ కనిపిస్తే అది పైపొరల్లోనే ఉన్నట్టు. ఇప్పుడు టెంపర్డ్ గ్లాస్ ఊడదీయండి. ఈ లిక్విడ్లు గ్లాస్ అంచుల్లోంచి లోపలికి పాకి, జిగురును పాడుచేసి మచ్చలా కనిపించడం మామూలే. మచ్చ గ్లాస్‌తోపాటే ఊడి వచ్చేస్తే మీ ప్రశ్న అక్కడితో అయిపోయింది. కొత్త గ్లాస్ వేయించుకుని యార్డుకు వెళ్లిపోండి.

గ్లాస్ తీసినా ఫోన్ తెర మీద ఇంద్రధనుస్సు రంగుల్లో మరక ఉండి, అక్కడే వేలిముద్రలు ఎక్కువ అంటుకుంటుంటే, పోయింది పైపూత. కొత్త ఫోన్ల గాజు మీద జిడ్డు అంటకుండా పల్చటి పూత ఉంటుంది. అమ్మోనియాలాంటివి ఉన్న అద్దాల లిక్విడ్లు దాన్ని తినేస్తాయి. ఆ పూత తిరిగి రాదు, కానీ చూపుకు తప్ప పనికి అడ్డం కాదు. దానికి కూడా మందు టెంపర్డ్ గ్లాసే.

తెర వెలిగినప్పుడు మాత్రమే మచ్చ కనిపిస్తోందా? ఉత్త తెల్ల కాగితం ఫొటో ఒకటి తెర నిండా పెట్టి చూడండి. అందులో పసుపు మచ్చ తేలితే తడి లోపలికి పోయినట్టే. పైభాగాన అంటున్నారు కాబట్టి, మాటలు వినపడే సన్నని జాలీ దగ్గర్నుంచి దిగి ఉంటుంది. ఇక రుద్దినా, ఎండలో పెట్టినా, బియ్యం డబ్బాలో పూడ్చినా పోయే మచ్చ కాదు. బియ్యం పిండి ఛార్జింగ్ రంధ్రంలో చేరడం దానికి అదనం.

ఈ విషయంలో మిమ్మల్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. విజయవాడలో మా ఇంట్లో ఓ దసరాకి గదులన్నీ దులుపుతూ, టీవీ మీద కూడా అదే లిక్విడ్ నేరుగా కొట్టాను. అది కారి కింది అంచులోకి దిగింది. పండగ నాడు టీవీ పెడితే నిలువునా చారలు. బాగుచేయడానికి వచ్చినతను ఒక్క మాటే అన్నాడు: "గుడ్డ మీద కొట్టుకుని తుడవాలి సార్, టీవీ మీద కాదు." ఆర్థిక సలహాలు చెప్పుకుని బతికేవాణ్ని, ఆ ఒక్క పిచికారీకి పదకొండు వేలు కట్టాను.

సరే, మచ్చ లోపలే ఉందనుకుని డబ్బు సంగతికి వద్దాం. వారంటీ ఆశ పెట్టుకోకండి. సాధారణంగా అది ఏడాదే, మీకది దాటింది. దాటకపోయినా తడి వల్ల వచ్చిన నష్టానికి మామూలు వారంటీ వర్తించదు. ఫోన్ నీళ్లలో పడినా ఏమీ కాదని అట్టపెట్టె మీద ఉన్నా, ఆ పరీక్ష మంచినీళ్లతో చేసేది, అద్దాల లిక్విడ్‌తో కాదు.

సర్వీస్ సెంటర్ లెక్క 8,400 మీద 18 శాతం జీఎస్టీ 1,512, మొత్తం 9,912. బయట 3,200. పక్కపక్కన పెడితే ఎవరికైనా చెయ్యి 3,200 వైపే పోతుంది. నేనైతే ఆ అంకెల్ని ఎన్నాళ్లు పనికొస్తాయో దానితో భాగిస్తాను. కంపెనీ డిస్‌ప్లే వేస్తే మీ ఫోన్ ఇంకో రెండేళ్లు నడుస్తుందనుకుందాం, నెలకు 413 పడుతుంది. బయట వేసే కాపీ కాంబో, అంటే గాజూ డిస్‌ప్లే కలిపి వచ్చే సెట్టు, ఎనిమిది నెలలు బాగుంటే నెలకు 400. అంటే కాపీ నాకు చవకనిపించాలంటే అది ఎనిమిది నెలల పైన ఆగాలి. ఆ కొట్టువాళ్లు గ్యారంటీ ఎన్ని నెలలు రాసిస్తారో అడగండి. బిల్లు మీద రాయించండి. నోటితో చెప్పిన గ్యారంటీని నేను లెక్కలోకి తీసుకోను.

మీ విషయంలో ఇంకో చిక్కుంది. వేలిముద్ర తెర మీద పెట్టే ఫోన్ అంటే లోపల ఉండేది ఆమోలెడ్, ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే తెర. 3,200కు దొరికేది ఎక్కువగా ఎల్‌సీడీ రకం కాపీ, వెనక లైటు పొరతో వెలిగేది. తెర కింది వేలిముద్ర కన్ను ఎల్‌సీడీ గుండా చూడలేదు. బ్యాంకు యాప్ ఇక అంకెలు కొట్టే తెరవాలి. అదైనా భరించవచ్చు. రంగు మాటేమిటి? పొద్దున శాంపిల్ కాయలు ఫొటో తీసి బయటి ఊళ్ల కొనుగోలుదార్లకు పంపడం మీ కొట్లలో రోజువారీ పని. వాళ్లు పంపిన ఫొటో చూసి మీరు మాట చెప్పాలి. తేజా రకం మిరపకాయ ఎరుపు కొంచెం పాలిపోయి కనిపించినా తాలు, అంటే రంగు పోయిన నాసి కాయ, కలిసిందా అన్న అనుమానం వస్తుంది. ఇప్పుడున్న పసుపు మచ్చతోనూ అదే బాధ, రంగు సరిగా చూపని కాపీ తెరతోనూ అదే బాధ. పాటలు వినడానికో, ఫోన్లు మాట్లాడటానికో వాడే మనిషైతే కాపీ వేయించుకోమనేవాణ్ని. రంగు చూసి ధర చెప్పే మనిషికి వద్దంటాను.

పైగాజు మాత్రమే మారుస్తామని కొందరంటారు. గాజు పగిలినవాళ్లకు అది పనికొస్తుంది. లోపలి మచ్చకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. పైగా గాజు విడదీసేటప్పుడు తెర పోతే మీ ఖాతాలోనే వేస్తారు.

అయితే సర్వీస్ సెంటర్‌కు వెళ్లే ముందు సెట్టింగ్స్‌లో ఒకటి చూసుకోండి. మీ ఫోన్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు ఎప్పటిదాకా ఇస్తామని కంపెనీ చెప్పింది, ఆఖరిది ఏ నెలలో వచ్చింది? ఇంకో రెండేళ్లు వస్తాయంటే 9,912 పెట్టండి. ఈ ఏడాదితో సరి అంటే, యూపీఐ నడిపే ఫోన్ మీద అంత డబ్బు పోయడం దండగ. అప్పుడు 12 వేల లోపు సెకండ్ హ్యాండ్ ఫోన్ చూసుకోవడం మేలు. కొనే ముందు ఆ ఫోన్‌లో స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టి ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు, తీసుకోండి. కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి ఆ నంబరు వేసి 14422కు ఎస్సెమ్మెస్ పంపితే, అది దొంగ ఫోనని బ్లాక్ చేసి ఉంటే తెలిసిపోతుంది.

మీ బావమరిది సలహా దగ్గరికి వద్దాం. వడ్డీ లేని ఈఎంఐ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. వడ్డీ ఎక్కడో ఒకచోట ఉంటుంది, ధరలోనో, మీకు రాకుండా పోయిన నగదు తగ్గింపులోనో, ప్రాసెసింగ్ ఫీజులోనో. మీ విషయంలో నాకు అంతకన్నా భయం కలిగించేది ఇంకోటుంది. ఈఎంఐకి యార్డు సెలవులు తెలియవు. మే నెలలో కొట్టు మూస్తే మీ చేతికొచ్చేది 9,500. చీటీకి 5,000, ఆర్డీకి 1,000, కొత్త ఫోన్‌కు 3,000 పోతే మిగిలేది 500 రూపాయలు. ఆ నెల ఇంట్లో బియ్యం, కరెంటు, గ్యాసు దేనితో? ఒక్క వాయిదా తప్పినా బౌన్స్ ఛార్జీ పడుతుంది, క్రెడిట్ స్కోరు మీద మచ్చ పడుతుంది. ఆ మచ్చకు డిస్‌ప్లే మార్చినంత సులువుగా మందు దొరకదు.

చీటీ జోలికి పోవద్దు. ఐదు వాయిదాలే మిగిలాయి. ఇప్పుడు తొందరపడి పాడితే, ఆరేడు వేలు తగ్గించుకున్నా అది లక్ష మీద పోయే డబ్బు. పది వేల అవసరానికి ఆరేడు వేలు వదులుకుంటే డిస్‌ప్లే ధర దాదాపు రెట్టింపైనట్టు. చివరిదాకా ఆగగలిగిన మనిషి మీరు, 15 నెలలు ఆగారు కూడా.

షావుకారు అడ్వాన్స్‌కు వడ్డీ లేదు, నిజమే. పది వేలు బాకీ ఉన్నన్నాళ్లు పక్క కొట్టువాళ్లు ఇంకో రెండు వేలు ఎక్కువిస్తామని పిలిచినా కదల్లేరు. సీజన్ మధ్యలో మీలాంటి పని తెలిసినవాడికి పిలుపులు వస్తాయని మీకూ తెలుసు. అది ఆఖరి దారిగా ఉంచుకోండి.

మిగిలింది పోస్టాఫీసు ఆర్డీ. దాన్ని రద్దు చేసుకోమని కాదు, మూడేళ్లు నిండందే ముందుగా మూయనివ్వరు కూడా. ఏడాది ఆగకుండా 12 వాయిదాలు కట్టిన ఖాతా మీద, నిల్వలో సగం దాకా అప్పిస్తారు. మీరు కట్టింది 26 వేలు, వడ్డీతో 28 వేలకు దగ్గరగా ఉంటుంది, అంటే 13 వేల పైచిలుకు అప్పు దొరుకుతుంది. మీకు కావలసింది పది వేలు. అప్పు వడ్డీ ఆర్డీ వడ్డీ కన్నా 2 శాతం ఎక్కువ. మీ ఆర్డీ తెరిచినప్పటి రేటు 6.7 కాబట్టి అప్పు మీద 8.7 శాతం. పది వేలూ నాలుగు నెలలు కదపకుండా ఉంచినా వడ్డీ 290 రూపాయలు. ఆర్డీ దాని దారిన అది పెరుగుతూనే ఉంటుంది.

తీర్చడం ఎలాగంటారా, సీజన్‌లో జీతం పైన వచ్చే నాలుగైదు వేలున్నాయిగా. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో 3,400 చొప్పున కట్టేస్తే యార్డు సెలవులకు ముందే అప్పు తీరిపోతుంది. మే నెల సగం జీతం మీద ఫోన్ బరువు పడదు. ఈ మూడు నెలలూ ఆ పైడబ్బును ఇంట్లో దేనికీ ముట్టుకోకూడదు, అంతే.

ఒక వెసులుబాటు కూడా ఉంది. మచ్చ చుట్టూ పెన్సిల్‌తో కాగితం మీద బొమ్మ గీసుకుని, వారం తర్వాత పోల్చి చూడండి. పెరగలేదు, టచ్ బాగానే ఉందంటే తొందర లేదు. రంగు అనుమానం వచ్చినప్పుడు కొట్లో ఇంకొకరి ఫోన్‌లో చూసుకుంటూ, అప్పే చేయకుండా ఏప్రిల్‌కల్లా పది వేలు పోగేసి మార్పించుకోవచ్చు. పెరుగుతుంటే మాత్రం ఆగొద్దు, తెర మొత్తం నల్లబడితే లోపలి లెక్కలు, ఫొటోలు తీసుకోవడమే కష్టమవుతుంది.

రిపేరుకు ఇచ్చే ముందు వాట్సాప్ బ్యాకప్ చేసి, సిమ్ తీసి జేబులో పెట్టుకోండి. ప్యాటర్న్ కాగితం మీద రాసి ఇవ్వకండి. రిపేరు చేసేవాళ్లకు మీ ఫొటోలు, మెసేజీలు కనిపించకుండా దాచే మెయింటెనెన్స్ మోడ్ ఫోన్‌లో ఉంటే అది ఆన్ చేసి ఇవ్వండి. వేసింది ఏ భాగమో బిల్లులో రాయించండి. తేడా వస్తే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చేసినప్పుడు ముందు అడిగేది ఆ బిల్లే.

శనివారం యార్డుకు సెలవు, పోస్టాఫీసుకు కాదు. పాస్‌బుక్, ఆధార్ పట్టుకుని పొద్దున్నే వెళ్లండి. ఆ లిక్విడ్ సీసా మాత్రం ఇంట్లో కిటికీలకే ఉంచండి. మిర్చి దుమ్ముకు మెత్తని పొడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. గుడ్డను ముందు దులపండి, లేకపోతే అదే దుమ్ము తెర మీద గీతలు గీస్తుంది.