విండోస్ 10 వదిలి లినక్స్‌కి మారాలా: అనంతపురం డీటీపీ షాపు ప్రశ్నకు సమాధానం

షాపు కంప్యూటర్‌లో విండోస్ 11 ఎక్కడం లేదు, విండోస్ 10 వదిలి లినక్స్‌కి (విండోస్‌కి బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) మారాలా అని అడిగారు. విండోస్ 11 ఎక్కకపోవడానికి కారణం మీ నాలుగో తరం ఐ3 ప్రాసెసరే. ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అది ఒప్పుకుంటుంది, టీపీఎం 2.0 (కంప్యూటర్‌లో ఉండే భద్రతా చిప్) కూడా అడుగుతుంది. ర్యామ్ పెంచినా లాభం లేదు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగాయి కాబట్టి మారాలన్న ఆలోచన సబబే.

కానీ మీ పెళ్లి పత్రికలన్నీ పేజ్‌మేకర్ (పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్), అను స్క్రిప్ట్‌లో (తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్) ఉన్నాయన్నారు. అందరూ బోల్తా పడేది ఇక్కడే. ఆ రెండింటికీ లినక్స్ వెర్షన్ లేదు. పైగా అను ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలు ఒకేలా చదివించే ప్రమాణం) కావు. తెరమీద "శ్రీరస్తు" అని కనిపిస్తున్నా ఫైల్లో ఉండేవి వేరే గుర్తులు. ఆ ఫాంట్ లేనిచోట తెరిస్తే శుభలేఖ మొత్తం పిచ్చిరాతలే.

అందుకని విండోస్ తీసేయకండి. ఇలా చేయండి:

1. ఫైళ్లు, ఫాంట్లు అన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ తీయండి.

2. లినక్స్ మింట్‌ను (లినక్స్‌లో ఒక రకం) పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ నొక్కకుండా దాంట్లోంచే నడపండి. ప్రింటర్, స్కానర్ పనిచేస్తున్నాయా చూడండి. జిరాక్స్ కోసం వచ్చినవాళ్ల పీడీఎఫ్ ఒకటి ప్రింట్ తీస్తే తెలిసిపోతుంది. వేలిముద్ర పరికరం ఉంటే లినక్స్ డ్రైవర్ ఉందేమో అమ్మినవాళ్లను అడగండి.

3. అన్నీ సరిగ్గా ఉంటే విండోస్ పక్కనే మింట్ ఇన్‌స్టాల్ చేసుకోండి. డిస్క్ మొత్తం చెరిపేసే ఆప్షన్ మాత్రం ఎంచుకోవద్దు.

4. మెయిల్, ఆన్‌లైన్ దరఖాస్తులు, కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు (వైరస్‌లు వాటితోనూ వస్తాయి) మింట్‌లో. పత్రికల పని విండోస్‌లో, నెట్ కేబుల్ పీకేసి.