ఫోటోలో ఉన్నది రాతి జెర్రేనా? ముందు కాళ్లు లెక్కపెట్టండి

పెరట్లో ఇటుక రాళ్ల మధ్య దొరికిన జెర్రి ఫోటో పెట్టి, ఇది రాతి జెర్రేనా, అయితే ఏ జాతి అని అడిగారు. మా హనుమకొండలో ఇంటి చుట్టూ బండలే కనుక, రాయి కింద ఉన్నదల్లా రాతి జెర్రే అనుకుంటే ఇక్కడ మరో రకమే మిగలదు. శాస్త్రజ్ఞులు లితోబియస్ అని పిలిచే అసలు రాతి జెర్రి ప్రధానంగా చల్లని ప్రాంతాల జీవి. ఐరోపాలో తోటలో కుండీ జరిపితే చాలు, కనిపిస్తుంది.

ఈ పొరపాటు నేనూ చేశాను. ఒక వానకాలం బట్టలుతికే బండను జరిపినప్పుడు, అగ్గిపుల్లంత పొడవు కూడా లేని ఎర్రటి జెర్రి బయటపడింది. మా ఆవిడ చెప్పు అందుకునేలోగా దాన్ని తెల్లటి పింగాణీ పళ్లెంలోకి మార్చి ఫోటో తీశాను. ఫోన్‌లోని యాప్ క్షణంలో ‘లితోబియస్ ఫోర్ఫికేటస్’ అని తేల్చింది. నేను దాన్ని కుటుంబ వాట్సాప్ గ్రూపులో గర్వంగా ప్రకటించాను. రాత్రి ఫోటోను పెద్దది చేసి, గుండుసూది మొనతో ఒక వైపు కాళ్లు లెక్కపెడితే 21 వచ్చాయి. ఎదిగిన రాతి జెర్రికి 15 జతలే. పిల్లకు ఇంకా తక్కువ, కుబుసం విడిచే కొద్దీ పెరుగుతాయి. మన పెద్ద జెర్రి, అంటే స్కోలోపెండ్రా, పిల్లగా బయటికి వచ్చేటప్పటికే ఈ 21 జతల పూర్తి లెక్కతో వస్తుంది. జీవులకు శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లినేయస్ అంతటివాడు 1758లో ఫోర్ఫికేటస్‌ను స్కోలోపెండ్రాలోనే చేర్చాడు కాబట్టి, నా తప్పుకు గొప్ప తోడే ఉంది.

లెక్కపెట్టేటప్పుడు వెనక్కి చాచిన చివరి జతను తోక అనుకుని వదలకండి, తల కింది విషపు కొండీలను కాళ్లలో కలపకండి. వాట్సాప్ కుదించి పంపిన ఫోటోలో కాళ్లన్నీ ఒక మసక గీతగా మారిపోతాయి; చెప్పుతో చితక్కొట్టిన తరువాత తీసి ‘ఏ జాతి సార్’ అని అడిగేవారికి నేను జవాబివ్వడం మానేశాను.

15 జతలే తేలినా, పైనుంచి తీసిన ఫోటోలో 9, 11, 13వ వీపు పలకల వెనుక మూలలు మొనదేలి ఉన్నాయా లేదా అన్నంతవరకే చూడగలం. మీసాల్లోని కణుపులు, విషపు కొండీల మొదట్లోని పళ్లు, చివరి నాలుగు జతల కాళ్ల మొదళ్లలోని రంధ్రాలు సూక్ష్మదర్శిని కింద చూడకుండా జాతి పేరు చెప్పేవారు ఊహిస్తున్నారనే నేనంటాను.

మీ ఫోటోలో వెనుక భాగం ఇటుక నీడలో ఉన్నా, తల నుంచి 17 జతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అది రాతి జెర్రి కాదు; పిల్లలను అటు వెళ్లనీయకండి.