వృద్ధుల చేతికి క్యానులా నిలవకపోతే

ఎమర్జెన్సీ వార్డులో డెబ్బై దాటిన రోగులకు క్యానులా (సూది మీద తొడిగి సిరలోకి పంపే సన్నని ప్లాస్టిక్ గొట్టం) పెట్టబోతే, నరం (వాడుకలో అలా అంటాం గాని, అది సిర) కనిపిస్తున్నా సూది గుచ్చగానే పక్కకు జారుతోందని, లేదా పగిలిపోతోందని మీరు రాశారు. వయసుతో చర్మం కింది కొవ్వు, కొల్లాజెన్ తగ్గి సిరకు చుట్టూ పట్టు ఉండదు కనుక, రెండో చేతి బొటనవేలితో చర్మాన్ని కిందికి లాగి పట్టుకొని, 10 నుంచి 15 డిగ్రీల వాలులో నెమ్మదిగా గుచ్చండి. సూది వెనుక గదిలో రక్తం కనిపించగానే వాలు ఇంకా తగ్గించి, సూదిని కొద్దిగా మాత్రమే ముందుకు జరిపి, ఆపై క్యానులాను ఒక్కదాన్నే లోపలికి జార్చండి. టోర్నికెట్‌ను (సిర ఉబ్బేలా పై చేతికి కట్టే పట్టీని) చొక్కా చేతి మీదుగా వదులుగా కట్టండి. నా దృష్టిలో సిరలు పగలడానికి సూది కన్నా అతి బిగువే ఎక్కువ కారణం. షాక్ (రక్తప్రసరణ ప్రమాదకరంగా పడిపోవడం), రక్తస్రావం లేకపోతే నీలిరంగు 22 గేజి (సన్నని సైజు) క్యానులా సాధారణంగా సరిపోతుంది. రెండుసార్లు విఫలమైతే అనుభవజ్ఞులను పిలవండి, లేదా అల్ట్రాసౌండ్ సాయంతో ముంజేతిలో ప్రయత్నించండి.