లైబ్రరీ వాట్సాప్‌లో పేర్లు పెట్టకండి, పుస్తకాల ఫోటోలు పెట్టండి

లైబ్రరీలు ఫేస్‌బుక్, వాట్సాప్ లాంటి అందరూ ఉండేవాటిని, పుస్తకాల పిచ్చోళ్లే ఉండే గుడ్‌రీడ్స్, లైబ్రరీథింగ్ లాంటివాటిని ఎలా వాడుకోవచ్చు అని కదా అడిగారు. నేను లైబ్రేరియన్‌ని కాదండీ. విశాఖ అక్కయ్యపాలెంలో మా కాలనీ సంఘం భవనం కింద రెండు గదులు, ఏడు బీరువాలు, 2019లో రిటైరైన దగ్గర్నుంచి సాయంత్రం 5 నుంచి 8 దాకా తాళాలు నా దగ్గర ఉంటాయి. అంతే నా క్వాలిఫికేషను.

ముందు నా కడుపుమంట ఒకటి చెప్పనివ్వండి. మన లైబ్రరీల ఫేస్‌బుక్ పేజీలు ఓ నాలుగు తెరిచి చూడండి. జయంతికి ఒక దండ, వర్ధంతికి ఒక దండ, నవంబర్ 14 నుంచి 20 దాకా వారోత్సవాలకి శాలువాలు. పుస్తకాలు వెనకాల బీరువాలో ఉంటాయి, అద్దం మీద ఫ్లాష్ పడి ఒక్క పేరూ కనపడదు. కింద ఎవడో కుర్రాడు డీఎస్సీ కొత్త సిలబస్ పుస్తకాలు వచ్చాయా సార్ అని అడిగుంటాడు, వాడికి ఉద్యోగం వచ్చేసినా జవాబు మాత్రం రాదు. ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు కడుతున్నాం మరి, ఆ దండల్లో మన పైసలు కూడా ఉన్నాయేమో!

సరే, మా సంగతి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డప్పుడు మావి 63 పుస్తకాలు బయటే ఉండిపోయాయి, మరుసటేడు సగం గడిచినా ఒక్కటీ రాలేదు. నాకు చిర్రెత్తుకొచ్చి ఒక ఆదివారం పొద్దున్న ఇష్యూ రిజిస్టరు ముందేసుకుని పేరు, ఇంటి నంబరు, పుస్తకం పేరు మొత్తం లిస్టు టైపు చేసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పడేశాను. రెండొందల మంది ఉన్న గ్రూపు. కాఫీ తాగేలోగా గేటు చప్పుడు.

హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మాస్టారు, చొక్కా బొత్తాలు కూడా ఎగుడుదిగుడుగా పెట్టుకుని వచ్చేశారు. "ఏటయ్యా, ఈ వయసులో నన్ను పుస్తకాల దొంగని చేసేశావేటి?" అన్నారు. నేను తగ్గలేదు, లైబ్రరీ తెరిచి రిజిస్టరు చూపించాను, చూడండి మాస్టారూ మీ సంతకం ఉంది, వాపసు గడి ఖాళీగా ఉంది అని. ఆయన దానికేసి చూడనైనా చూళ్లేదు. మొదటి బీరువా దగ్గర మొదలెట్టి పుస్తకాల వీపుల మీద వేలు రాసుకుంటూ వెళ్లి, మూడో బీరువా అడుగు వరసలో గొంతుక్కూచుని, హోమియోపతి పుస్తకాల మధ్యలోంచి ఒకటి లాగారు. అదే పుస్తకం. డేట్ స్లిప్పు మీద ఊదారంగు వాపసు ముద్ర, 21 మార్చి 2020, జనతా కర్ఫ్యూకి ముందురోజు. ముద్ర కొట్టిందీ నేనే, హడావిడిలో రిజిస్టర్లో ఎక్కించనిదీ నేనే. అక్కడే సారీ చెప్పబోతే "తిట్టింది రెండొందల మందిలో, సారీ మాత్రం గుట్టుగా చెప్తావేటి" అన్నారు. గ్రూపులోనే పెట్టాను.

ఇదంతా నవ్వుకునే భాగం. అదే లిస్టులో ఒకావిడ పేరు పక్కన విడాకుల చట్టం మీద పుస్తకం ఉంది. ఆవిడ అత్తగారూ ఆ గ్రూపులోనే ఉన్నారు. లిస్టు తీసేసేసరికి చూడాల్సినవాళ్లు చూసేశారు. పుస్తకం ఎవరో పిల్లాడి చేత పంపించారు, ఆవిడ మాత్రం మళ్లీ మా మెట్లెక్కలేదు. ఎవరేం చదువుతున్నారో ఏ గ్రూపులోనూ పెట్టకండి, మొత్తుకుని చెప్తున్నాను.

తర్వాత మా మేనకోడలు అంతా మార్చింది. మనుషుల పేర్లు లేకుండా ఒక్క ఫోటో, రెండో భాగం లేక ఒంటరిగా నిలబడ్డ మొదటి భాగాల వరస, కింద "మా జంటలు ఎక్కడ?" అని. మేడమెట్ల కింద రేకు పెట్టె పెట్టాం, ఎవరూ అడగరు, వేసి వెళ్లిపోండి అని. రెండు వారాల్లో 41 వచ్చాయి. ఇప్పుడు గ్రూపు మానేసి వాట్సాప్ చానెల్ పెట్టాం, అందులో ఒకరి నంబరు ఇంకొకరికి కనపడదు, పైగా గుడ్ మార్నింగ్ గులాబీలు ఉండవు. కొత్త పుస్తకాల కట్ట రాగానే వీపులు కనపడేలా ఒక ఫోటో పెడతాం, ఒకసారి అది చూసి ఒకాయన భీమిలి నుంచి 900కె బస్సెక్కి వచ్చాడు.

ఇక ప్రత్యేకమైన సైట్లంటారా, గుడ్‌రీడ్స్‌లో మన పాత తెలుగు పుస్తకాలు వెతకాలంటే ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కొక్కడిదీ ఒక్కోలా ఉంటుంది, ఐఎస్‌బీఎన్ అని పుస్తకానికుండే గుర్తింపు నంబరు ఉండదు, నాకు ఓపిక చాల్లేదు. లైబ్రరీథింగ్ నయం, 2005 నుంచీ ఉంది, చిన్న లైబ్రరీలకి టైనీక్యాట్ అని కేటలాగు పెట్టుకునే ఏర్పాటూ ఉంది. తెలుగు లిపిలోనే ఒక్కోటీ చేత్తో ఎక్కిస్తున్నాం. మేం కాదులెండి, మాస్టారే. నా మీద నమ్మకం లేదట.

జనాన్ని అడగడం మాత్రం పనిచేస్తుంది. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు 2008లో పాత ఫోటోలు ఫ్లికర్ అనే ఫోటోల సైట్లో పెడితే జనం చూసి ఇది ఫలానా ఊరు, ఇతను ఫలానా అని చెప్పారట. అది చదివి మేమూ ఒకటి అడిగాం. ఆ రేకు పెట్టెలో పడ్డ 41లో ఒకటి మాది కాదు, వేరే లైబ్రరీ ముద్ర ఉంది, సగం అరిగిపోయి చివర "పురం" ఒక్కటే కనపడుతోంది. ముద్ర ఫోటో పాత విశాఖ ఫోటోలు పెట్టుకునే ఒక ఫేస్‌బుక్ గ్రూపులో పెడితే పార్వతీపురం అని సగం మంది, ఇచ్ఛాపురం అని సగం మంది, రెండూ కాదు పిఠాపురం అని ఒక పెద్దాయన. ఇంకా తేల్లేదు. ఈలోగా ఆ పుస్తకం చదువుతానని మనవాళ్లే ఇద్దరు అడుగుతున్నారు, ఇస్తే ఏ రిజిస్టర్లో రాయాలో తెలీక బల్ల మీదే ఉంచాను.