‘సింహరాశిలో’, ‘సమూహంలో’: రెండు ‘లో’లూ ఒకటేనా?

సందేహం: ‘ఎన్.జి.సి. 3384 అనే కటకాకార (లెన్సు ఆకారపు) గెలాక్సీ సింహరాశిలో ఉంది. అది మెస్యే 96 సమూహంలో ఉంది’ అని ఒక ఖగోళ వ్యాసంలో చదివాను. రాశిలో ఉండడమూ సమూహంలో ఉండడమూ ఒకటేనా? ‘కటకాకార పాలపుంత’ అని రాయవచ్చునా?

సమాధానం: (ఎన్.జి.సి., మెస్యే అనేవి ఖగోళ వస్తువుల జాబితాల పేర్లు; వాటి పక్కనున్నవి ఆ జాబితాలలోని సంఖ్యలు.) ఆ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. రెండుచోట్లా ఒకే ప్రత్యయం రావడంవల్ల అర్థమూ ఒకటేనన్న భ్రమకు మాత్రం తావు ఏర్పడింది.

రాశి అనేది భూమినుంచి చూసేవారికి ఆకాశంలో కనిపించే ఒక భాగం. అందులోని వస్తువులు ఒకదానికొకటి దగ్గరగా ఉండాలన్న నియమం లేదు. సింహరాశిలోనే చూడండి: మఖా నక్షత్రం మనకు సుమారు 79 కాంతి సంవత్సరాల దూరంలో, ఉత్తర ఫల్గుణి సుమారు 36 కాంతి సంవత్సరాల దూరంలో ఉండగా, ఈ గెలాక్సీ 3 కోట్ల కాంతి సంవత్సరాలకు పైబడిన దూరంలో ఉంది. కాబట్టి ఇక్కడి ‘లో’ దిక్కును మాత్రమే చెబుతున్నది. సమూహం మాటకు వస్తే, అది గురుత్వాకర్షణతో కట్టుబడిన గెలాక్సీల కూటమి. సర్పిలాకారంలో ఉన్న మెస్యే 95, 96, దీర్ఘవృత్తాకారపు మెస్యే 105, వాటితోపాటు మన ఎన్.జి.సి. 3384 ఇందులోనివే. ఇక్కడి ‘లో’ నిజమైన సభ్యత్వాన్ని చెబుతున్నది.

ఈ భేదం పాటించకపోతే ఏమవుతుందో తెలియాలంటే ఎన్.జి.సి. 3389ను తీసుకోవాలి. అది మెస్యే 105కూ ఎన్.జి.సి. 3384కూ పక్కనే, మూడూ ఒకచోట కూడినట్లు కనిపిస్తుంది. నిజానికి వాటికి ఎంతో వెనుక ఉన్న సర్పిల గెలాక్సీ అది. సింహరాశిలోనిదే కాని, ఈ సమూహంలోనిది కాదు.

మన వ్యాకరణాలు ‘అందు, న’లను సప్తమిలో చేర్చి, ‘లో, లోపల’లను షష్ఠిలో చెప్పాయి. ‘వారిలో ఇతడు మేటి’ అన్నట్లు, పలువురినుంచి ఒకరిని వేరుచేసి చెప్పే నిర్ధారణార్థం ‘లో’కు ఉండడం ఇక్కడ గమనించదగినది. ‘ఆ గెలాక్సీలలో ఇది కటకాకారమైనది’ అన్నప్పటి ‘లో’ అటువంటిదే. వాడుకలో అధికరణార్థమూ (ఉన్న చోటును చెప్పే అర్థమూ) దానిమీదే పడడంతో ఒక్క ప్రత్యయమే ఇన్ని బరువులు మోస్తున్నది. అందుచేత శాస్త్ర వ్యాసాలలో ‘సింహరాశి దిక్కున కనిపించే ఎన్.జి.సి. 3384, మెస్యే 96 సమూహంలోని కటకాకార గెలాక్సీ’ అని రాయడం మేలని నా అభిప్రాయం. ‘సమూహానికి చెందిన’ అన్నా తప్పు కాదు కాని, ‘సమూహంలోని’ అంటే సరిపోయేచోట అంత మాట అక్కరలేదు. కొన్ని పదుల గెలాక్సీలున్న ఇటువంటి కూటమిని ‘గుచ్ఛం’ అనకపోవడమే మంచిది. వేయికి పైగా గెలాక్సీలున్న కన్యారాశి గుచ్ఛం వంటివాటికి ఆ పేరు నిలిచింది.

‘కటకాకార పాలపుంత’ అనడం మాత్రం పొసగదు. పాలపుంత మన సూర్యుడున్న గెలాక్సీకి పేరు, అంటే సంజ్ఞావాచకం. పైగా అది సర్పిలాకారమైనది. కటకాకార గెలాక్సీకి నడుమ ఉబ్బు, చుట్టూ పళ్లెం ఉంటాయి కాని సర్పిల భుజాలు ఉండవు. వాయువు చాలావరకు తరిగిపోవడంవల్ల కొత్త నక్షత్రాల పుట్టుక కూడా అందులో బహు స్వల్పం.