హైకూ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో (ఓఎస్) గో ప్రోగ్రామింగ్ భాష లేనప్పుడు, గోలో రాసిన కంపైలర్‌ను అక్కడికి ఎలా చేర్చాలి?

తిరుపతిలో బీటెక్ చదువుతున్న ఒకరి ప్రశ్న ఇది. 2015లో వచ్చిన 1.5 వెర్షన్ నుంచి గో కంపైలర్ గోలోనే ఉంది కాబట్టి ఈ అనుమానం రావడం సహజమే.

పెరుగుకు తోడు పక్కింటి నుంచి తెచ్చుకున్నట్టు, మొదటి కంపైలర్‌ను లినక్స్‌లో తయారు చేసి హైకూకి పట్టుకెళ్లాలి. దీన్నే క్రాస్ కంపైలింగ్ అంటారు. గో సోర్సులో ఇందుకోసం బూట్‌స్ట్రాప్ స్క్రిప్టు కూడా ఉంది. ఇది తేలికైన భాగం.

ప్రాసెసర్ అదే ఎక్స్86-64 అయితే మెషీన్ కోడ్ పుట్టించే భాగాన్ని దాదాపు ముట్టుకోనక్కర్లేదు. ప్రాణం తీసేది రన్‌టైమే, అంటే ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు వెనక ఉండి పనులు చూసుకునే గో కోడ్. థ్రెడ్లు మొదలుపెట్టడం, సిగ్నళ్లు అందుకోవడం, మెమరీ అడగడం, అన్నీ ఓఎస్‌తో పడే పనులు. లినక్స్‌లో గో సీ లైబ్రరీని పక్కనపెట్టి నేరుగా కెర్నల్‌కే (ఓఎస్ గుండెకాయ) సిస్టమ్ కాల్ చేస్తుంది, ఎందుకంటే అక్కడ ఆ కాల్స్ నంబర్లు మారవు. హైకూలో ఆ హామీ లేదు. అక్కడి సీ లైబ్రరీ అయిన లిబ్‌రూట్ ద్వారానే వెళ్లాలి. అందుకే లినక్స్ ఫైళ్లు కాపీ కొట్టి మొదలుపెట్టకండి, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. గోని సొలారిస్ అనే ఓఎస్‌కి చేర్చిన పోర్ట్ సీ లైబ్రరీ దారిలోనే నడుస్తుంది, దాన్ని చదవండి.

హైకూని వర్చువల్ మెషీన్‌లో పెట్టుకుంటే హాస్టల్ ల్యాప్‌టాప్ చాలు. ముందు ఏమీ చేయకుండా ఎగ్జిట్ అయ్యే ప్రోగ్రాం నడవనివ్వండి, తర్వాత ప్రింట్, ఆపైన గోరూటీన్లు (గోలో ఒకేసారి నడిచే చిన్న పనులు), గార్బేజ్ కలెక్టర్ (వాడకం అయిపోయిన మెమరీని వెనక్కి తీసుకునేది). నెట్‌వర్క్ జోలికి చివర్లో వెళ్లండి. గోతో వచ్చే టెస్టులన్నీ హైకూలోనే పాసయ్యేదాకా పోర్ట్ పూర్తయిందని ఎవరికీ చెప్పకండి.