జర్మనీ లారీ సంగతి మీ అమ్మ చెప్పింది

కావలి

అబ్బయ్యా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనల్లుడు జర్మనీ నించి పాత బెంజి లారీ తెప్పించి, దాంట్లో ఇల్లు కట్టి, పిలకాయల్ని లడఖ్ దాకా తీసకపోతాడంట అన్నా" అని చెప్పి కాసేపు ఏడ్చింది. నాకు ఏడుపు రాలా, నిద్ర పోయింది. ఇంటి ముందర ఇన్నేళ్ళు లారీలు నిలబడితే మన పిలకాయల్లో ఒక్కడూ బానెట్ ఎత్తి చూళ్ళేదే అని బాధపడేవాణ్ణి. చూసినవాడివి ఏకంగా సముద్రం అవతలి బండి మీద కన్నేశావు. సంతోషమేరా. తిట్లు కూడా ఉన్నాయి, చివరిదాకా చదువు.

ముందు ఆ జర్మనీ మాట మరిచిపో. మూడేళ్ళు దాటిన వాడిన బండిని మన దేశంలోకి దిగుమతి చేసుకోనివ్వరు. మూడేళ్ళ లోపుదైనా స్టీరింగు కుడివైపు ఉండాలి, ముంబై రేవులోనే దిగాలి, ఆ పైన సుంకం. ముచ్చటకి దాచుకునే వింటేజ్ కార్ల లెక్క వేరు, దానికీ నీకూ సంబంధం లేదు. గోవాలో, హంపిలో తెల్లవాళ్ళు తిప్పే ఇళ్ళలాంటి లారీలు కార్నె అనే కాగితం మీద వస్తాయి. గడువు తీరేలోపు దేశం దాటించాల్సిందే, ఇక్కడ అమ్మడానికి లేదు. ఎవరన్నా "నేను క్లియర్ చేయిస్తా, అడ్వాన్సు పంపండి" అంటే ఫోన్ పెట్టెయ్.

అయినా బెంజి కోసం జర్మనీ ఎందుకురా? టాటా వాళ్ళు 1954లో బెంజితో కలిసే లారీలు మొదలుపెట్టారు. 1969లో ఒప్పందం ముగిసినాక ముక్కు మీద నక్షత్రం పోయి టీ అక్షరం వచ్చింది, లోపలి బండి అదే వంశం. అట్టని ఆ పాత పెద్ద ముక్కు లారీ కొనుక్కోమనడం లేదు. నీ కారు లైసెన్సు మొత్తం బరువు 7,500 కిలోల దాకానే చెల్లుతుంది. కాబట్టి టాటా 407 గానీ, ఆ 7,500 లోపు వచ్చే దాని అన్న గానీ చూడు. ఎనభైల్లో జపాను పేర్లతో బండ్లు వరసబెట్టి దిగాయి: డీసీఎం టొయోటా, ఆల్విన్ నిస్సాన్, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి. నడవడానికి సమ్మగా ఉండేవి. అందులో కొన్నిటికి ఇప్పుడు ఒక గ్యాస్కెట్ కావాలన్నా ఊళ్ళు తిరగాలి. 407 సామాను ఉదయగిరిలో దొరుకుద్ది, కార్గిల్లోనూ దొరుకుద్ది. ఫోర్ వీల్ కోసం ఆర్మీ వేలం అంటావేమో. వేలం షరతుల్లో స్క్రాప్ అని రాసుంటే అది రోడ్డెక్కదు, కొన్నాక ఏడవాల్సిందే.

బయానా ఇచ్చేముందు ఇంకో గండం. సొంతానికి వాడుకునే క్యాంపర్ వ్యాన్, అంటే లోపల ఇల్లు కట్టిన బండి, నాన్-ట్రాన్స్‌పోర్టు బండ్ల లెక్కలో ఉంది. అయితే సరుకు లారీని క్యాంపర్ చేయడమంటే ఆర్సీలో ఉన్న రూపం మార్చడం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అక్కడే అడ్డం పడుద్ది. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడాగా మార్చిన బండిని రిజిస్టర్ చేయకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అందుకని ముందు బొమ్మ గీయించు. పొడవు, వెడల్పు, ఎత్తు, సీట్లు, గ్యాసు పెట్టే చోటు, అన్నీ వేసి ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా అడుగు. నోటిమాట వద్దు. ఒప్పుకోకపోతే కొనబాక. ఒప్పుకున్న కాగితం చేతికొచ్చేదాకా ఒక్క బోల్టు విప్పినా రేపు ఇన్సూరెన్సు వాడు చేతులెత్తేస్తాడు. ఇంకో సంగతి, 407 కేబిన్లో కూర్చునేది ముగ్గురు. మీరు నలుగురు. నాలుగో సీటు ఎక్కడో ఆ బొమ్మలోనే తేలాలి.

కాగితాలు నీకు తెలిసినవే: ఫైనాన్సు ఉంటే అది తీరిందని చెప్పే ఫారం 35, వేరే రాష్ట్రం బండైతే ఫారం 28 ఎన్‌ఓసీ, పేరు మార్పుకి 29, 30. చలాన్లు, టాక్సు బాకీ చూసుకో. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది సీ బుక్కుతో పోల్చు.

ఇక అసలు మాట. పాత లారీ కొనేవాడు ఇంజను చప్పుడు వింటాడు. ఇంజను పోతే బోరుకు దింపి కొత్త పిస్టన్లు ఏయించుకోవచ్చు. నువ్వు అడగాల్సింది ఈ బండి ఇన్నాళ్ళు ఏం మోసిందని. మన పక్క ఇది మరీ ముఖ్యం. చీమకుర్తి గ్రానైటు మోసిన బండికి ఛాసిస్ (కింద బరువంతా మోసే ఇనప చట్రం) నడుము వంగి ఉంటుంది. కృష్ణపట్నం బొగ్గు, బూడిద మోసినదాంట్లో మూలమూలకీ పొడి పేరుకుని తేమ పడుతుంది. ఉప్పుకొటార్ల బండి సంగతి చెప్పక్కర్లేదు. వడ్లో, పత్తో, నిమ్మకాయలో మోసింది దొరికితే కళ్ళకద్దుకుని తీసుకో. అన్నిట్లోకీ మోసం చేసేది రొయ్యల బండి.

ఆ తప్పు మనింట్లోనే జరిగింది, చేసింది నేనే. రొయ్యల చెరువుల కాలం మొదలైన కొత్తలో కొన్న 407. ఛాసిస్‌కి నల్ల రంగు నిగనిగలాడతా ఉంది, రంగు చూసి మురిసిపోయాను. ఆ నిగనిగ కింద ఏం జరిగి ఉందో నీకు విడమరిచి చెప్పాలి. రొయ్యల ట్రేల మీద ఐసు పోస్తారు. ఐసు కరిగి, రొయ్యల ఉప్పునీటితో కలిసి తొట్టి అడుగు చెక్కల సందుల్లోంచి ఛాసిస్ మీద కారుతుంది. రోడ్డు పొడుగునా, ప్రతి ట్రిప్పులో. పైకి కనబడే చోట కారితే గాలికి ఆరిపోను. ఎక్కువ లోడు కోసం లోపల ఇంకో రేకు పట్టా వేసి రివిట్లు కొట్టించిన బండ్లలో ఆ నీరు ఛాసిస్‌కీ పట్టాకీ మధ్యకి దిగి అక్కడే నిలుస్తుంది. అక్కడికి బ్రష్ పోదు, గ్రీజు పోదు, ఎండ పోదు. తుప్పు ఇనుముకన్నా ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకుల మధ్య అది ఉబ్బితే రేకులు విడిపోవాల్సిందే. రివిట్టుకీ రివిట్టుకీ మధ్య రేకు పూరీలాగా పొంగుతుంది, తర్వాత రివిట్టు తల ఎగిరిపోతుంది. రంగు వేసేవాడు ఆ పొంగు మీద పుట్టీ పూసి నల్లగా కొట్టేస్తాడు.

ఆత్మకూరు రోడ్డులో ఒక గతుకు. వెనక కమాన్ కట్ట (గతుకులు మింగే వంపు ఇనప పట్టీలు) పట్టుకునే బ్రాకెట్టు రివిట్లతో సహా, చుట్టూ ఉన్న ఛాసిస్ ముక్కతో సహా ఊడొచ్చింది. వెనక ఇరుసు మూలకి తిరిగి టైరు తొట్టికి రాసుకుంది. లోపల మనుషులెవరూ లేరు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నా. నీ బండిలో లోపల ఉండేది మన పిలకాయలు.

అందుకని కొనడానికి పోయేటప్పుడు అరకిలో సుత్తి, అయస్కాంతం, పొడుగు స్క్రూడ్రైవర్, మంచి టార్చి తీసుకుపో. బండి కిందకి దూరు. ముందు నించి వెనక్కి జానెడుకొక దెబ్బ చొప్పున సుత్తితో కొట్టుకుంటా రా. మంచి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు నింపుకున్న చోట చప్పుడు చచ్చి, తడి సంచిని కొట్టినట్టుంటుంది. ఆ తేడా ఒక్కసారి వింటే ఇంక మర్చిపోవు. అయస్కాంతం జారిపోతే అక్కడ పుట్టీ ఉన్నట్టు. ముఖ్యంగా చూడాల్సిన చోట్లు: కేబిన్ వెనక అడ్డకమ్మీ కలిసే మూల, వెనక కమాన్ బ్రాకెట్లు, ఇరుసు మీది వంపు, బ్యాటరీ పెట్టె కింద, స్టెప్నీ వేలాడే చోటు. "ఈమధ్యే రంగేయించామన్నా, కొత్త బండిలా ఉంది" అని అమ్మేవాడు అంటే ఇంకో గంట ఎక్కువ కొట్టు.

నా రెండో తప్పు బాగు చేయించడంలో. ఊడిన చోట ముక్క పెట్టి నిలువునా వెల్డింగ్ కొట్టించా. ఆర్నెల్లకి అతుకు పక్కనే కొత్త పగులు. వేడి తగిలిన ఇనుము పక్కింటి ఇనుములాగా వంగదు, రోజూ మెలిపడతా ఉంటే అంచులో చీలుతుంది. పట్టా వేయించాల్సి వస్తే కొసలు ఏటవాలుగా కోయించు, నిలువు భాగానికే బోల్టులు పెట్టించు. పైనా కిందా ఉండే అడ్డ అంచుల్లో చిల్లి పెట్టనివ్వబాక, వెల్డింగ్ రాడ్డు తాకనివ్వబాక.

మిగతా పరీక్షలు తొందరగా చెప్తా. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించు. నువ్వు పోయేసరికే వేడిగా ఉంటే ఇంకో రోజు రా. ఆయిలు మూత తీస్తే పొగ గుప్పుగుప్పుమంటే రింగులు పోయినట్టు. ముందు చక్రం జాకీ మీద ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపు, లొటలొటలాడితే బేరింగు, లేదా చక్రం మళ్ళే కడ్డీ అయిన కింగ్‌పిన్. రెండో గేరు తనంతట తాను ఊడితే గేర్‌బాక్స్. టైరు గోడ మీద నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్ళు దాటితే అరగకపోయినా లెక్కలో వేసుకోబాక.

బాడీ దగ్గర నువ్వు చదువుకున్నవాడివి కాబట్టి బరువు లెక్కలో బోల్తా పడతావు. 18 ఎంఎం ప్లైవుడ్ షీటు, ఎనిమిది బై నాలుగు, ఒక్కటే ముప్పై కిలోల పైన తూగుతుంది. పది షీట్లు వాడితే నలుగురు మనుషుల్ని అదనంగా ఎక్కించినట్టే. 200 లీటర్ల నీళ్ళు 200 కిలోలు, నిండు సిలిండరు ముప్పై, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ యాభై పైన. సన్న ప్లై, అల్యూమినియం వాడు. నీళ్ళు ఒక్క పెద్ద ట్యాంకులో వద్దు, సగం నిండిన ట్యాంకు మలుపులో బండిని లాగేస్తుంది. రెండు చిన్నవి, ఇరుసుల మధ్య, కిందగా. బాడీ వెనక్కి పొడిగించే ఆశ పెట్టుకోబాక, వెనక చక్రం దాటాక వీల్‌బేస్‌లో 60 శాతం మించి ఉండకూడదని రూలే ఉంది. పని సగమైనప్పుడు ఒకసారి, అంతా అయ్యాక ఒకసారి కాటా ఎక్కించు. ముందు ఇరుసు, వెనక ఇరుసు విడిగా తూయించు.

పెట్టెని ఛాసిస్‌కి బిర్రుగా బిగిస్తే పగులుద్ది. ఛాసిస్ గుంటల్లో మెలి తిరగాలి, అదే దాని బలం. కింద గట్టి చెక్క వేసి యూ బోల్టులతో పట్టించు, ముందు వైపు బోల్టుల కింద స్ప్రింగులు పెట్టించు. విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టే పాతవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, అయినా నిలబడి చూడు.

నా భయం నిప్పు. 2013 అక్టోబరులో పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది పోయిన్నాటి నించి, మూసిన పెట్టెలో మనుషులు పడుకుంటారంటే నాకు గుండె జారుద్ది. గ్యాసు గాలికన్నా బరువు, కారితే నేల మీద చేరి నిప్పురవ్వ కోసం కాచుకుంటుంది. సిలిండరు గూడు లోపలికి తెరుచుకోకూడదు, తలుపు బయటికే, అడుగున చిల్లి ఉండాలి. రాత్రి రెగ్యులేటర్ ఆపకుండా పడుకోబాకండి. 2,000 వాట్ల ఇన్వర్టరు నిండు లోడులో 12 వోల్టుల మీద 170 ఆంపియర్లకి తక్కువ లాగదు, ఇంటి వైరు వేస్తే కాలిపోద్ది. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే. పిలకాయల పడక పక్కన లోపలి నించి తోస్తే తెరుచుకునే కిటికీ, పెద్దవాడు దూరేంత. తెరవడం పిలకాయలకి చీకట్లో కూడా రావాలి, ఆటలాగా నేర్పు. బండి నడుస్తుండగా ఎవరూ పడకెక్కకూడదు, బెల్టులున్న సీట్లోనే. ఇది మీ అమ్మ తరఫున కూడా చెప్తున్నా.

లడఖ్ ముందు మన దోర్నాల-శ్రీశైలం ఘాటు. నిండు నీళ్ళతో, నిండు సామానుతో, పగటిపూట. ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడు అదే గేరు. ఇంజను ఆపి, న్యూట్రల్ వేసి దిగితే బ్రేకుకి ఉన్న సాయం పోద్ది. కిందకి దిగినాక ఆపి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దూరంగా పెట్టి వేడి చూడు. ఒక్కటి మిగతావాటికన్నా కాలిపోతుంటే ఆ డ్రమ్ము విప్పించు, అన్నీ మాడు వాసనొస్తే నువ్వు బండి నడిపే తీరే మార్చు.

బండి చూడ్డానికి ఒంటరిగా పోబాక. ఫోటోలు పంపబాక, ఫోటోలో నల్ల రంగే కనబడుద్ది. పండక్కి ఎటూ వస్తావు కదా, రెండు రోజులు ముందర రా. మీ అత్త కారం దోసెలు పోస్తుంది, తిని పోదాం. పాత చొక్కా ఒకటి పెట్టుకో. కింద దూరాల్సింది నువ్వే, నా మోకాళ్ళు ఇంక వంగవు. నేను పైన నిలబడి సుత్తి చప్పుడు వింటా.

మీ మామ